హాట్ హ్యాచ్ కొనేముందు: ముందు చక్రాల డ్రైవా, నాలుగు చక్రాల డ్రైవా?

మినీని పక్కన పెడితే, అమెరికాలో కొత్తగా దొరికే హాట్ హ్యాచ్‌లను, అంటే వెనక డిక్కీ తలుపు పైకి లేచే చిన్న కార్లలో బలమైన ఇంజిన్ పెట్టినవాటిని, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, గోల్ఫ్ ఆర్, హోండా సివిక్ టైప్ ఆర్, టొయోటా జీఆర్ కరోలా. జీటీఐ, టైప్ ఆర్ ముందు చక్రాలతో లాగేవి. మిగతా రెండూ నాలుగు చక్రాలవి. 2025 మోడల్ ధరలు చూస్తే జీటీఐ సుమారు 33 వేల డాలర్ల దగ్గర, జీఆర్ కరోలా 39 వేల దగ్గర, టైప్ ఆర్ 46 వేల దగ్గర మొదలయ్యాయి. గోల్ఫ్ ఆర్ 47 వేలు దాటింది. డబ్బు ఎక్కువ పెడితే నాలుగు చక్రాలు వస్తాయనే లెక్క ఇక్కడ కుదరదు. టైప్ ఆర్‌కి లాగేవి రెండే చక్రాలు, అయినా జీఆర్ కరోలా కంటే అదే ఖరీదు.

డాలస్‌లో ఉండే మనిషికీ డెట్రాయిట్‌లో ఉండే మనిషికీ ఒకే సలహా పనికిరాదు. రోజూ నలభై మైళ్లు హైవే మీద ఆఫీసుకి పోయేవాళ్లదీ, ఆదివారం కొండరోడ్డు కోసం కారు కొనేవాళ్లదీ అవసరం ఒకటి కాదు. అందుకే బ్రాండు జోలికి పోకముందే కొన్ని లెక్కలు వేసుకోవాలి.

గ్రిప్ లెక్క

కారు దూకేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది. ఆర్టీసీ బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టే. ముందు చక్రాలు లాగే కారుకి అక్కడే చిక్కు. ఎంత గట్టిగా తొక్కితే లాగాల్సిన చక్రాల మీద అంత బరువు తగ్గుతుంది.

ఓ సగటు హాట్ హ్యాచ్‌ని ఉదాహరణగా తీసుకుందాం. బరువు 1,400 కిలోలు. అందులో 62 శాతం, అంటే 868 కిలోలు ముందు ఇరుసు మీద ఉంది. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2.7 మీటర్లు, గరిమనాభి నేలకి 55 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ఈ కారు 0.5 జీ (జీ అంటే భూమి గురుత్వ త్వరణం) త్వరణంతో దూకితే ముందు ఇరుసు మీద నుంచి సుమారు 143 కిలోల బరువు వెనక్కి పోతుంది. దీన్ని బట్టి ముందు చక్రాలు జారకుండా ఎంత వేగంగా దూకగలవో లెక్కకడితే ఇలా వస్తుంది.

పొడి తారురోడ్డు, మంచి సమ్మర్ టైర్లు, ఘర్షణ గుణకం (టైరుకి రోడ్డు మీద ఉన్న పట్టు) 1.0 అనుకుంటే ముందు డ్రైవ్‌కి హద్దు సుమారు 0.52 జీ. నాలుగు చక్రాల కారుకి సిద్ధాంతం ప్రకారం 1.0 జీ, ఇంజిన్‌కి అంత సత్తా ఉంటే. తడిరోడ్డు మీద గుణకం 0.6 అనుకుంటే ముందు డ్రైవ్‌కి 0.33, నాలుగు చక్రాలకి 0.6. తొక్కుడుపడి గట్టిపడ్డ మంచు మీద 0.2 అనుకుంటే 0.12కి ఎదురుగా 0.2.

ఈ అంకెలను ఇంకాస్త తవ్వాలి. జీటీఐ లాంటి 241 హెచ్‌పీ కారులో, గేర్‌బాక్స్ నష్టాలు పోగా, పొడిరోడ్డు మీద సుమారు 80 కిలోమీటర్ల వేగం దాటేసరికి గ్రిప్ హద్దు పోయి ఇంజిన్ బలమే హద్దవుతుంది. 315 హెచ్‌పీ టైప్ ఆర్‌లో అది సుమారు 100 దగ్గర జరుగుతుంది. ఆ వేగం పైన తిన్నగా పోయేటప్పుడు నాలుగు చక్రాల డ్రైవ్ చేసే మేలు లేదు, దాని బరువు మాత్రం మోయాలి. తడిలో ఈ గీత చాలా పైకి జరుగుతుంది: జీటీఐకి 120 దాటి, టైప్ ఆర్‌కి 150 దాటి. అంటే వానలో టైప్ ఆర్ రెండో గేర్‌లోనే కాదు, మూడులో కూడా ముందు టైర్లను తిప్పేయగలదు. 240 హెచ్‌పీ దగ్గర ముందు డ్రైవ్ హాయిగా ఉంటుందని, 300 దాటాక రోడ్డు తడిస్తే కుడికాలు అదుపులో పెట్టుకోవాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఆగిన చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కంపెనీలు చెప్పే 0–100 అంకెల్లోనూ ఇదే కనిపిస్తుంది. యూరప్ లెక్కల్లో 329 పీఎస్ (అక్కడి హార్స్‌పవర్ కొలత) టైప్ ఆర్‌కి 5.4 సెకన్లు, 320 పీఎస్ గోల్ఫ్ ఆర్‌కి 4.7. బలం దాదాపు సమానమే. ఆ 0.7 సెకన్ల తేడా ముందు డ్రైవ్ వల్ల కొంత, డీఎస్‌జీకి (ఫోక్స్‌వ్యాగన్ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) ఎదురుగా మాన్యువల్ గేర్‌బాక్స్ కావడం వల్ల కొంత. అదే జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ 20.832 కిలోమీటర్ల చుట్టుకి వస్తే కథ తిరగబడుతుంది. 2023లో టైప్ ఆర్ 7 నిమిషాల 44.881 సెకన్లలో తిరిగింది. 2022లో గోల్ఫ్ ఆర్ 20 ఇయర్స్ ఎడిషన్‌కి పట్టింది 7 నిమిషాల 47.31. రెండూ ట్రాక్‌కి దగ్గరగా ఉండే టైర్ల మీద చేసినవే. కారు ఒకసారి కదిలి పరుగులో పడ్డాక బరువు, సస్పెన్షన్, టైర్లే ఎక్కువ మాట్లాడతాయి.

ఇక బ్రేకు సంగతి. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉంటాయి. కదలడానికి నాలుగు చక్రాల డ్రైవ్ సాయం చేస్తుంది గానీ ఆగడానికి చేయదు. మలుపులోకి తిరగడానికీ అంతే. మంచు మీద సునాయాసంగా బయల్దేరిన కారు రోడ్డు ఎంత జారుతోందో డ్రైవర్‌కి తెలియనివ్వదు. మొదటి స్టాప్ సైన్ దగ్గర తెలుస్తుంది.

ముందు డ్రైవ్ అయితే డిఫరెన్షియల్ ఏ రకమో అడగండి

రెండు ముందు డ్రైవ్ కార్ల మధ్య తేడా, ఒక్కోసారి ముందు డ్రైవ్‌కీ నాలుగు చక్రాల డ్రైవ్‌కీ మధ్య తేడా కంటే పెద్దది. కారణం డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ బలాన్ని కుడి, ఎడమ చక్రాలకి పంచే గేర్ల పెట్టె.

మలుపులో బరువు బయటి చక్రం మీదకి పోతుంది, లోపలి చక్రం తేలికవుతుంది. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానంగానే టార్క్ (తిప్పే బలం) పంచుతుంది. కాబట్టి తేలికపడ్డ లోపలి చక్రం ఎంత మోయగలదో, గ్రిప్ దండిగా ఉన్న బయటి చక్రానికీ అంతే దక్కుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే లోపలి టైరు గిర్రున తిరుగుతుంది, కారు మలుపు బయటికి తోసుకుపోతుంది.

దీనికి మూడు మందులున్నాయి. చౌకది, తిరిగే చక్రాన్ని బ్రేకుతో పట్టుకోవడం. ఫోక్స్‌వ్యాగన్ దీన్ని ఎక్స్‌డీఎస్ అంటుంది. రోడ్డు మీద బానే పనిచేస్తుంది గానీ, కొండ దారిలో అరగంట గట్టిగా నడిపితే ముందు ప్యాడ్లు వేడెక్కుతాయి, ఇంజిన్ బలం కొంత బ్రేకుల్లో వేడిగా పోతుంది. రెండోది హెలికల్ గేర్ల ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ఒక చక్రమే గిర్రున తిరగకుండా ఆపేది). టైప్ ఆర్‌లో ఉన్నది ఇదే. తక్కువ గ్రిప్ ఉన్న చక్రం మోసేదానికి కొన్ని రెట్లు రెండో చక్రానికి పంపుతుంది. మెత్తగా పనిచేస్తుంది, ప్రత్యేక నిర్వహణ పెద్దగా ఉండదు. కానీ ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే చేతులెత్తేస్తుంది, సున్నాని ఎన్నింటితో గుణించినా సున్నాయే కదా. మూడోది కంప్యూటర్ నడిపే క్లచ్ ప్లేట్ల రకం. గోల్ఫ్‌లో దీని పేరు వీఏక్యూ. హ్యుందాయ్ ఐ30 ఎన్‌లో ఉన్నదీ ఈ కోవకి చెందినదే. చక్రం లేచినా లాక్ చేయగలదు, మలుపులో బయటి చక్రానికి ఎక్కువ పంపి ముక్కును లోపలికి లాగుతుంది.

గోల్ఫ్ ఎనిమిదో తరం జీటీఐలో వీఏక్యూ అన్నింటికీ వస్తుంది. ఏడో తరంలో అలా కాదు. మొదట్లో అది పర్ఫార్మెన్స్ ప్యాక్‌తోనే వచ్చేది, ఆ తర్వాత కొన్ని ట్రిమ్‌లకి (వేరియంట్లకి) చేరింది. పాత ఏడో తరం జీటీఐ చూస్తుంటే అమ్మేవాడి మాట నమ్మకుండా వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు)తో ఆప్షన్ల చిట్టా తెప్పించుకోండి. పర్ఫార్మెన్స్ ప్యాక్ లేని కారుకి తర్వాత మెకానికల్ ఎల్‌ఎస్‌డీ పెట్టించాలంటే గేర్‌బాక్స్ దించి విప్పాలి. ఆ ఖర్చు కంటే ప్యాక్ ఉన్న కారు వెతుక్కోవడమే చవక.

టార్క్ స్టీర్ గురించి ఓ మాట. గట్టిగా తొక్కితే స్టీరింగ్ ఒకవైపు గుంజడాన్ని టార్క్ స్టీర్ అంటారు. రెండు చక్రాలకీ వెళ్లే బలం సమానంగా లేనప్పుడు, ఆ బలం స్టీరింగ్ తిరిగే అక్షానికి ఎంత దూరంగా పనిచేస్తే గుంజు అంత ఎక్కువ. ఎల్‌ఎస్‌డీ గ్రిప్‌ని పెంచుతుంది, దాంతోపాటు ఈ గుంజునీ పెంచుతుంది. అందుకే హోండా టైప్ ఆర్‌లో స్టీరింగ్ అక్షాన్ని సస్పెన్షన్ స్ట్రట్ నుంచి విడదీసి చక్రం మధ్యకి దగ్గరగా జరిపింది. రెండో తరం ఫోకస్ ఆర్‌ఎస్‌లో ఫోర్డ్ రెవోనకల్ పేరుతో ఇలాంటి పనే చేసి, 305 పీఎస్‌ని ముందు చక్రాల చేతే మోయించింది. ఈ ఏర్పాటు లేకుండా 300 దాటించిన ముందు డ్రైవ్ కారుని గతుకుల రోడ్డు మీద నడిపి చూస్తే, స్టీరింగ్‌తో కుస్తీ పట్టడం ఎలా ఉంటుందో అర్థమవుతుంది.

‘ఏడబ్ల్యూడీ’ అనే ఒకే పేరు కింద నాలుగు వేర్వేరు యంత్రాలు

ఏడబ్ల్యూడీ అంటే ఆల్ వీల్ డ్రైవ్, నాలుగు చక్రాల డ్రైవే. బ్రోషర్‌లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. విప్పితే వేరు.

ఎక్కువ కార్లలో ఉన్నది హాల్డెక్స్ తరహా కప్లింగ్, అంటే అవసరమైనప్పుడు వెనక చక్రాలకి బలం కలిపే భాగం. వెనక డిఫరెన్షియల్‌కి ముందు ఒక క్లచ్ ప్యాక్ ఉంటుంది, పంపు నూనె ఒత్తిడితో దాన్ని బిగిస్తుంది. ఏడో తరం వరకు గోల్ఫ్ ఆర్, ఆ కాలపు ఆడీ ఎస్3, మెర్సిడెస్ మొదటి ఏ45 ఇదే దారి. హైవే మీద మెల్లగా పోతున్నప్పుడు ఇవి దాదాపు ముందు డ్రైవ్ కార్లే. బలంగా పోతాయి, తడిలో నమ్మకంగా ఉంటాయి. కానీ మలుపులో నడత ముందు డ్రైవ్‌దే: ముక్కు బరువు, తోసుకుపోయే గుణం. వీటిని నడిపి నిరాశపడ్డవాళ్లు ‘వేగం ఉంది, ఆట లేదు’ అంటారు. అందులో అన్యాయం లేదు.

రెండో రకంలో వెనక రెండు చక్రాలకీ చెరో క్లచ్. 2016 ఫోకస్ ఆర్‌ఎస్‌తో ఇది హాట్ హ్యాచ్‌ల్లో పేరు తెచ్చుకుంది, బలంలో 70 శాతం వరకు వెనక్కి పంపగలిగేది. ఎనిమిదో తరం గోల్ఫ్ ఆర్, ఆడీ కొత్త ఆర్‌ఎస్3, మెర్సిడెస్ ఏ45 ఎస్ అదే బాట పట్టాయి. వెనక్కి వచ్చిన టార్క్ మొత్తాన్ని మలుపు బయటి చక్రం ఒక్కదానికే ఇవ్వగలగడం వల్ల కారు తొక్కుడుతోనే తిరుగుతుంది. ఏడో తరం ఆర్ నడిపి పెదవి విరిచినవాళ్లు ఎనిమిదో తరాన్ని విడిగా నడిపి చూడాలి, రెండింటినీ ఒక గాటన కట్టకూడదు.

మూడోది టొయోటా జీఆర్-ఫోర్. ఇక్కడా కప్లింగే, కానీ ముందు వెనక నిష్పత్తిని డ్రైవర్ ఎంచుకోవచ్చు. మామూలుగా 60:40, గ్రావెల్‌లో 50:50. ముందూ వెనకా టోర్సెన్ (గేర్లతో పనిచేసే రకం) ఎల్‌ఎస్‌డీలు జీఆర్ కరోలాకి 2025 నుంచి అన్ని ట్రిమ్‌లలో ఉన్నాయి. అంతకుముందు కోర్ ట్రిమ్‌లో అవి అదనపు ప్యాకేజీ. వాడిన కారు కొనేటప్పుడు ఇది తప్పక చూడాలి. చేత్తో లాగే హ్యాండ్‌బ్రేక్ ఉంది, లాగితే వెనక చక్రాలకి పోయే డ్రైవ్ విడిపోతుంది. ర్యాలీ మనుషులు గీసిన కారని దీన్ని బట్టే తెలుస్తుంది.

నాలుగోది నిజమైన సెంటర్ డిఫరెన్షియల్ ఉన్న పాత కాలపు రకం: 1987 నుంచి 1992 వరకు వరసగా ఆరు ప్రపంచ ర్యాలీ టైటిళ్లు తెచ్చిన లాన్చియా డెల్టా కుటుంబం, ఆ తర్వాత సుబారు ఇంప్రెజా ఎస్‌టీఐ హ్యాచ్. కొత్త హాట్ హ్యాచ్‌లలో ఇప్పుడు ఇది కనిపించదు.

మంచు పడే ఊళ్లలో

మిషిగన్, షికాగో, న్యూజెర్సీ ఎగువ ప్రాంతాల మనవాళ్లు ‘మంచు పడుతుంది కాబట్టి ఏడబ్ల్యూడీ’ అని కళ్లుమూసుకుని తేల్చేస్తారు. పైన చెప్పిన లెక్కే మళ్లీ వేద్దాం. ఈ కార్లతో వచ్చే సమ్మర్ టైరు గట్టి మంచు మీద 0.1 గ్రిప్ ఇస్తుందనుకోండి, మంచి వింటర్ టైరు 0.3 ఇస్తుందనుకోండి. సమ్మర్ టైర్ల మీద నాలుగు చక్రాల కారు 0.1 జీతో కదులుతుంది. వింటర్ టైర్ల మీద ముందు డ్రైవ్ కారు 0.18 జీతో కదులుతుంది. 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి మొదటిదానికి సుమారు 98 మీటర్లు, రెండోదానికి 33. ఇందులో వాదించడానికి ఏమీ మిగలదు.

పైగా సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందే గట్టిపడటం మొదలవుతుంది. మైనస్ 7 కిందకి పోతే కొన్ని టైర్లు పగుళ్లిస్తాయి. ఆ చలిలో ఆరుబయట ఆపిన కారుని కదిలించొద్దని తయారీదార్లే రాస్తారు. టైప్ ఆర్‌తో వచ్చే 265/30 ఆర్19 మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ ఈ కోవలోదే. మంచు ఊళ్లో ఏ కారు కొన్నా రెండో సెట్ చక్రాలు తప్పవు: వింటర్ టైర్లు నాలుగు, రిమ్‌లు నాలుగు, టీపీఎంఎస్ (టైరు గాలి ఒత్తిడి చూసే) సెన్సార్లు నాలుగు. 19 అంగుళాల నుంచి 18కి దిగితే టైరు చవక, గుంతలకి రిమ్ వంగే భయం తక్కువ. కాకపోతే రిమ్ స్పోకు బ్రేక్ కాలిపర్‌కి తగలకుండా ఉండాలి. రిమ్ కొనేముందు ఆ మోడల్ పేరుతో సరిపోతుందని రాతపూర్వకంగా తీసుకోండి. ముందు రెంటికే వింటర్ టైర్లు వేసి డబ్బు మిగుల్చుకునే ఆలోచన చేయొద్దు, బ్రేకు కొట్టగానే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది.

2025 ధరల్లో జీటీఐకీ ఆర్‌కీ మధ్య తేడా 14 వేల డాలర్ల పైమాటే. వింటర్ సెట్ మొత్తం దానిలో పదో వంతు చుట్టుపక్కల తేలుతుంది.

నాలుగు చక్రాల డ్రైవ్ నిజంగా అవసరమయ్యే చోట్లూ ఉన్నాయి. ఇంటి డ్రైవ్‌వే ఏటవాలుగా ఉండి, మంచు తీసే బండి రాకముందే తెల్లవారుజామున బయల్దేరాల్సినవాళ్లకి. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాల మీద బరువు మరింత తగ్గుతుంది, వింటర్ టైర్లున్నా ముందు డ్రైవ్ అక్కడ మొరాయిస్తుంది. బే ఏరియా నుంచి శీతాకాలంలో తాహో కొండలకి పోయేవాళ్లకి ఇంకో కారణం, మంచులో టైర్లకి చైన్లు ఎవరు బిగించాలో చెప్పే చైన్ కంట్రోల్ నిబంధనలు. కాలిఫోర్నియాలో ఆర్-2 (ఆ నిబంధనల్లో రెండో స్థాయి) అమల్లో ఉంటే ముందు డ్రైవ్ కారుకి వింటర్ టైర్లున్నా చైన్లు బిగించాల్సిందే. నాలుగు చక్రాల కారు నాలుగింటికీ స్నో టైర్లుంటే చైన్లు బిగించకుండా పోవచ్చు, కానీ డిక్కీలో ఉండాలి. ఆర్-3 పెడితే అందరూ బిగించాల్సిందే. 19 అంగుళాల పలచ టైర్లకి చాలా కార్ల మాన్యువల్ చైన్లు వద్దంటుంది, అది కొనకముందే చదివేయండి.

డిక్కీ, సీట్లు, ఇంధనం

వెనక్కి షాఫ్టు, వెనక డిఫరెన్షియల్ వచ్చాయంటే చోటు పోతుంది. యూరప్ కొలతల్లో ఎనిమిదో తరం జీటీఐ డిక్కీ 374 లీటర్లు, ఆర్‌ది 341. బరువు తేడా 80–90 కిలోలు. అమెరికా కొలతల్లో టైప్ ఆర్ డిక్కీ 24.5 ఘనపుటడుగులు, జీఆర్ కరోలాది 17.8. ఊరి నుంచి అమ్మానాన్న దిగితే నాలుగు 23 కిలోల సూట్‌కేసులు, పచ్చళ్ల అట్టపెట్టె. జీఆర్ కరోలాలో వెనక సీటు మడవకుండా అవి పట్టవు. టైప్ ఆర్‌లో డిక్కీ ఉంది గానీ సీట్లు నాలుగే, వెనక మధ్యలో ఎవరూ కూర్చోలేరు. వెనక సీట్లో పిల్లలిద్దరు, పెద్దవాళ్లొకరు అంటే అది కుదరని కారు. గ్రిప్ గురించి గంటలు వాదించి, ఇది ఇంటికొచ్చాక చూసుకునేవాళ్లు చాలామంది.

మైలేజీ తేడా అనుకున్నంత లేదు. టైప్ ఆర్, మాన్యువల్ జీఆర్ కరోలా రెండూ ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సగటు లెక్కలో గ్యాలన్‌కి 24 మైళ్ల దగ్గరే. జీఆర్‌ది చిన్న మూడు సిలిండర్ల ఇంజిన్ కావడం దానికి కలిసొచ్చింది. ఒకే ఇంజిన్ కుటుంబం వాడే జీటీఐ, ఆర్‌ల మధ్య రెండు మైళ్ల తేడా ఉంటుంది.

నాలుగు చక్రాల కారుకి అదనంగా చేయాల్సినవి

అన్నిటికన్నా ముందు టైర్ల సంగతి. నాలుగు టైర్లూ ఒకే బ్రాండు, ఒకే మోడల్, ఒకే అరుగుదల ఉండాలి. ఒక టైరు ఎక్కువ అరిగితే దాని చుట్టుకొలత తగ్గి ఎక్కువసార్లు తిరుగుతుంది. కప్లింగ్ క్లచ్ ఆ తేడాని జారుతూ జారుతూ మింగుకుంటుంది, వేడెక్కుతుంది, అరుగుతుంది. ట్రెడ్ లోతులో తేడా 1.6 మిల్లీమీటర్లు దాటనివ్వకపోవడం వాడుకలో ఉన్న హద్దు, మీ కారు మాన్యువల్ ఇంకా తక్కువ చెబితే అదే పాటించండి. మేకు దిగి ఒక టైరు పాడైతే, మిగతా మూడూ సగం అరిగి ఉంటే, ముందు డ్రైవ్ కారువాడు రెండు కొని ఊరుకుంటాడు. మీరు నాలుగు కొనాలి, లేదా కొత్త టైరుని మిగతావాటి స్థాయికి చెక్కించాలి. ప్రతి 8,000 కిలోమీటర్లకి టైర్లని ముందు వెనక మార్చి తిప్పడం ఇక్కడ బద్ధకించకూడని పని.

తర్వాత హాల్డెక్స్ నూనె. ఐదో తరం హాల్డెక్స్, అంటే ఏడో తరం గోల్ఫ్ ఆర్, ఆ కాలపు ఎస్3లో ఉన్నది, దీనికి వేరే ఫిల్టర్ లేదు. పంపు మూతి దగ్గర చిన్న జల్లెడ మాత్రమే ఉంటుంది. క్లచ్ నుంచి రాలిన పొడి ఆ జల్లెడని మూసేస్తుంది, పంపు ఊపిరాడక కష్టపడి కాలిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద చాలాసార్లు ఏ లైటూ వెలగదు. కారు మెల్లగా ముందు డ్రైవ్ కారైపోతుంది, అంతే.

మూడేళ్లకోసారి నూనె మార్చేటప్పుడు పంపుని కూడా దించి జల్లెడ కడగమని మెకానిక్‌కి విడిగా చెప్పాలి. చెప్పకపోతే నూనె మాత్రం మార్చి పంపిస్తారు. పని ఇలా సాగుతుంది: కారుని సమంగా ఎత్తాలి, డ్రెయిన్ బోల్టు విప్పి పాత నూనె వంపాలి, పంపు కనెక్టర్ తీసి రెండు బోల్టులు విప్పి పంపుని బయటికి లాగాలి, జల్లెడని బ్రేక్ క్లీనర్‌తో కడగాలి, ఓ-రింగులు కొత్తవి వేసి బిగించాలి, పై రంధ్రం నుంచి నూనె పొర్లేదాకా నింపాలి, కాసేపు ఇంజిన్ నడిపి మళ్లీ మట్టం చూడాలి. 850 మిల్లీలీటర్ల సీసా ఒకటి సరిపోతుంది. దీనికి నాలుగో తరం హాల్డెక్స్ నూనె పోయకూడదు. నాలుగో తరంలో విడిగా ఫిల్టర్ కూడా ఉంటుంది, పని పద్ధతి వేరు. ఎనిమిదో తరం ఆర్ వెనక యూనిట్ పూర్తిగా మరో యంత్రం, ఈ పద్ధతి దానికి వర్తించదు.

వెనక డిఫరెన్షియల్, ముందున్న బెవెల్ బాక్స్ (వెనక్కి డ్రైవ్ మళ్లించే గేర్ల పెట్టె) నూనెలు ఇంకో రెండు. కారు ఆగిపోతే ముందు చక్రాలు ఎత్తి వెనక చక్రాల మీద లాగే టోయింగ్ బండికి ఇవ్వొద్దు. ఫ్లాట్‌బెడ్ కావాలని ఫోన్‌లోనే చెప్పండి.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం చేయాలి

షోరూమ్ చుట్టూ పది నిమిషాలు తిరిగితే రెండు రకాల కార్లూ ఒకేలా ఉంటాయి. వీలైతే వాన పడ్డ రోజే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. ముందు టైర్ల పక్క గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చదవండి. 1223 అంటే 2023లో పన్నెండో వారం. ముందు వెనక వేర్వేరు టైర్లున్న నాలుగు చక్రాల కారుని అక్కడితోనే అనుమానించాలి.

ఖాళీ పార్కింగ్ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడక వేగంతో రెండువైపులా గుండ్రంగా తిప్పండి. నాలుగు చక్రాల కారు కుంటినట్టు ఎగిరెగిరి పడితే, వెనక నుంచి మూలుగు వస్తే, కప్లింగ్ విడవాల్సిన చోట విడవట్లేదు, లేదా టైర్లు కలవట్లేదు. టక్ టక్ చప్పుడు వస్తే అది రెండు రకాల కార్లలోనూ డ్రైవ్‌షాఫ్ట్ కీలు అరిగిన గుర్తు.

తర్వాత చిన్న మలుపు. రెండో గేర్‌లో 30–40 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ, మలుపు సగం దాటాక, చట్టం ఒప్పుకునే చోట, యాక్సిలరేటర్‌ని ముప్పావు వంతు తొక్కండి. ఓపెన్ డిఫరెన్షియల్ కారులో లోపలి టైరు చిటపటలాడుతుంది, ముక్కు బయటికి పోతుంది. మంచి ఎల్‌ఎస్‌డీ ఉంటే స్టీరింగ్ చేతిలో బరువెక్కి ముక్కు లోపలికి లాగినట్టు తెలుస్తుంది. ఆ గుంజు మీకు ఆటగా అనిపిస్తుందా, చిరాకుగా అనిపిస్తుందా? ఎవరి సమీక్ష చదివినా దీనికి జవాబు దొరకదు. నాలుగు చక్రాల కారులో అదే మలుపులో అదే తొక్కుడుకి ఏమీ జరగకుండా కారు ముందుకి పోతుంది. కొందరికి కావాల్సింది అదే, కొందరికి ఆ ‘ఏమీ జరగకపోవడం’ పది రోజులకే విసుగు.

ఆగిన చోటు నుంచి సగం తొక్కుడుతో తడి రోడ్డు మీద బయల్దేరినప్పుడు నాలుగు చక్రాల కారు ముందు టైర్లు క్షణం కంటే ఎక్కువ జారితే వెనక డ్రైవ్ అందట్లేదు. కారుని లిఫ్ట్ మీద పెట్టించి స్కానర్‌తో కప్లింగ్ పంపుని నడిపించి చూడమనండి.

వాడిన కార్లలో ప్రత్యేకంగా

2016–2017 ఫోకస్ ఆర్‌ఎస్ చూస్తుంటే హెడ్ గాస్కెట్ మార్పు కాగితం అడగండి. ఆ ఇంజిన్లకి గాస్కెట్ సమస్య ఉందని ఫోర్డ్ 2018లో మార్పు కార్యక్రమం పెట్టింది. చల్లటి ఇంజిన్ మీదే స్టార్ట్ చేయాలి: తెల్లటి పొగ ఆగకుండా రావడం, మొదటి నిమిషంలో ఇంజిన్ తడబడటం, కూలెంట్ మట్టం తగ్గి ఉండటం చెడ్డ గుర్తులు. మీరు వెళ్లేసరికే కారుని వేడిచేసి ఉంచారంటే, మర్నాడు మళ్లీ వస్తామని చెప్పండి.

టర్బో హ్యాచ్ ఏదైనా సరే ట్యూన్ చేసి (ఇంజిన్ బలం పెంచి), అమ్మేముందు తీసేసి ఉండొచ్చు. ఇంటేక్ గొట్టం మీద కొత్త క్లాంపులు, ఎగ్జాస్ట్ బోల్టుల మీద స్పానర్ గీతలు, కొత్త స్పార్క్ ప్లగ్గులు చూడండి. ట్యూన్ చేసిన ముందు డ్రైవ్ కారులో బలి అయ్యేవి ముందు టైర్లు, ఇంజిన్ మౌంట్లు, మాన్యువల్ అయితే క్లచ్. నాలుగు చక్రాల కారులో చక్రాలు జారి బలాన్ని వదిలేయవు, కాబట్టి ఆ దెబ్బంతా క్లచ్, బెవెల్ బాక్స్, డ్రైవ్‌షాఫ్టులు మోస్తాయి. లాంచ్ కంట్రోల్ (ఆగిన చోటు నుంచి పూర్తి బలంతో దూకించే ఏర్పాటు) మోజుతో నడిపిన ఆర్ కంటే కొండ రోడ్ల మీద నడిపిన టైప్ ఆర్ నయం. ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే డీక్యూ250 ఉన్న కార్లకి ప్రతి 60,000 కిలోమీటర్లకి నూనె, ఫిల్టర్ మార్చినట్టు బిల్లు ఉండాలి.

ట్రాక్ డేలకి పోయేవాళ్లకి రెండు మాటలు చాలు. ముందు డ్రైవ్ కారులో ముందు టైర్లు, ముందు బ్రేకులే హద్దు: వేడి తట్టుకునే ప్యాడ్లు, ఎక్కువ మరుగు స్థానం ఉన్న డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ వేస్తే సగం పని అయినట్టు. కప్లింగ్ ఉన్న నాలుగు చక్రాల కారులో ఎండ రోజున వెనక క్లచ్ వేడెక్కి కాసేపు ముందు డ్రైవ్‌కి మారిపోవచ్చు. మలుపు మధ్యలో ఆ మార్పు వస్తే కారు నడత మారుతుంది, హెచ్చరిక కనిపించగానే ఒక చుట్టు మెల్లగా తిరిగి పక్కకి రావాలి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖలో అయితే

మన దగ్గర ఈ ప్రశ్న సగం మార్కెట్టే తేల్చేసింది. 2025 మే నెలలో గోల్ఫ్ జీటీఐ 53 లక్షల రూపాయల చుట్టూ ఎక్స్-షోరూమ్ ధరతో, పూర్తిగా దిగుమతి కారుగా వచ్చింది: 265 పీఎస్, ముందు డ్రైవ్, 5.9 సెకన్ల 0–100. నాలుగు చక్రాల వైపు 2021 చివర్లో ఏఎంజీ ఏ45 ఎస్ 79.50 లక్షలకి దిగింది: 421 పీఎస్. గోల్ఫ్ ఆర్, జీఆర్ యారిస్ ఇక్కడ అమ్మరు. మంచు లేదు, ఏడాదంతా సమ్మర్ టైర్లే, వానాకాలం తడి ఒక్కటే పరీక్ష. వీఏక్యూ ఉన్న ముందు డ్రైవ్ దానికి సరిపోతుంది. ఇక్కడ నాలుగు చక్రాల కంటే ముందు చూసుకోవాల్సినవి స్పీడ్ బ్రేకర్ల మీద కింద తగలకుండా ఉండటం, గుంతల్లో పలచ టైరు పగలడం, ఆ సైజు టైరు ఊళ్లో దొరకడం. 120 పీఎస్ ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్ స్థాయి కార్లకైతే ఈ చర్చే అక్కర్లేదు. ఆ బలానికి రెండు ముందు చక్రాలు బాగా చాలు.

ఎవరికి ఏది

డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్, లాస్ ఏంజలిస్ లాంటి చోట, కుటుంబ కారు కూడా ఇదే అయితే, జీటీఐ తీసుకుని మిగిలిన డబ్బులో కొంత మంచి టైర్లకి పెట్టండి. ఒంటరిగానో ఇద్దరుగానో ఉంటూ, మాన్యువల్ గేరుతో నడపడమే ముఖ్యమనుకుంటే టైప్ ఆర్. వానలో దాన్ని మర్యాదగా చూడాలి. సియాటిల్ లాంటి ఏడాదిలో సగం తడిసే ఊరు, హైవే ర్యాంపుల దగ్గర గట్టిగా దూకే అలవాటు ఉంటే నాలుగు చక్రాలకి పెట్టిన డబ్బు ప్రతి వారం కనిపిస్తుంది. అప్పుడు ఆటోమేటిక్, సౌకర్యం కావాలంటే గోల్ఫ్ ఆర్, మాన్యువల్ కావాలంటే జీఆర్ కరోలా. అమెరికాలో 2025 నుంచి ఆర్ డీఎస్‌జీతోనే వస్తోంది. తర్వాత ట్యూన్ చేయించి 400 హెచ్‌పీ చేరాలనే ఉద్దేశం ముందే ఉంటే ముందు డ్రైవ్ కొని తర్వాత చింతించొద్దు, అంత బలాన్ని రెండు ముందు చక్రాలు మొదటి మూడు గేర్లలో రోడ్డుకి దించలేవు.

నాలుగు చక్రాలదే తీసుకుంటే, సంతకం పెట్టే రోజే ట్రెడ్ లోతు కొలిచే గేజ్ ఒకటి కొనుక్కోండి, ఐదు డాలర్లు కూడా కాదు. నాలుగు టైర్ల కొలతలూ రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టండి, టైర్లు తిప్పించిన ప్రతిసారీ కొత్త కొలత దాని కింద రాయండి.